చిన్న అక్షరం వకుళ

తలుపు తీయాలన్నా, సరుకులు తెప్పించాలన్నా మెయిల్ అడ్రసే ఆధారమైన కాలం అది. అడ్రసులో ఇంగ్లీషు పెద్ద అక్షరం వేరు, చిన్న అక్షరం వేరు అని కొత్త నియమం రావడంతో, ఏలూరులో జాకెట్లు కుట్టే వకుళకు సగం బేరాలు పోయాయి. ఆమె అడ్రసు చిన్న అక్షరంతో మొదలవుతుంది. అదే ఊళ్లో పవర్‌పేటలో కొత్తగా కుట్టు కొట్టు పెట్టిన వకుళ అనే మరో అమ్మాయి, అదే పేరును పెద్ద అక్షరంతో తీసుకుంది. జనం మాట విని మెయిల్ రాసే ఇంటి గోడకు పేరు చెబితే, గోడ పెద్ద అక్షరమే రాసి పంపేది.

వకుళ తల్లి నాటి నుంచీ తాము జాకెట్లు కుట్టిపెడుతున్న ఇంట్లో పెళ్లి కుదిరింది. "గుడ్డ నీకే పంపాం కదా" అంది పెళ్లికూతురి తల్లి. వకుళ నేరుగా పవర్‌పేట కొట్టుకు వెళ్లింది.

"నా బేరం నీ దగ్గరెందుకుందమ్మా?"

ఆ అమ్మాయి కుట్టి విప్పి నలిగిపోయిన పట్టుగుడ్డ చూపించింది.

"వాళ్ల అమ్మమ్మ పెళ్లినాటి బుట్టచేతులే కావాలంటండీ. నాకు రావట్లేదు. ఎవరు చూసినా ఎప్పటిలాగే కుట్టమంటారు. మీరెలా కుడతారో నాకేం తెలుసు? మీరంటే ఎంత కుళ్లుగా ఉందో!"

వకుళ మిషను ముందు కూర్చుంది. సాయంత్రానికి బుట్టచేతులు పొంగి నిలబడ్డాయి.

పెళ్లి మర్నాడు ఆ అమ్మాయి ఫోను పట్టుకుని పరుగున వచ్చింది.

"పెళ్లికూతురి మెయిలొచ్చిందండీ! 'వకుళ పిన్నీ, జాకెట్టు చూసి అమ్మమ్మ ఏడ్చేసింది...'" అని చదవసాగింది.

వకుళ ఫోను లాక్కుంది.

"నాకు రాసింది నువ్వెందుకు చదువుతావ్? నేనే చదువుకుంటాను."