పడవకు ఒకే పువ్వు

పెంచల్ పడవ ముందుకొనకు మళ్ళీ గంటపువ్వు వేలాడుతోంది. మాలకొండమ్మ కట్టింది కాదు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఎవరు కట్టారో ఒకరిని అడగక్కర్లేదు. గంగాభవానే!

ఊదారంగులో ఉండే ఆ పువ్వు సరుగుడు తోపు వెనక ఇసుక దిబ్బల్లో ఎక్కడో ఒకటి పూస్తుంది. పడవకు కడితే నడిసముద్రంలో గంటలా మోగుతుందట. అది విని గంగమ్మ పడవను క్షేమంగా ఒడ్డుకు పంపుతుందట. మగవాళ్ళు ఫోన్లో వాతావరణం చూసుకుని వేటకు వెళ్ళే ఈ రోజుల్లో కూడా మైపాడు పక్క ఆడవాళ్ళు ఈ మాటను కొట్టిపారేయరు. షరతు ఒక్కటే. రెండు పూలు కడితే అవి పోట్లాడుకుని పడవను తిరగేస్తాయి.

మాలకొండమ్మ ఆ పువ్వు పీకి ఇసుకలో తొక్కింది. తన పువ్వు కట్టింది. తిన్నగా వెళ్ళి, వల సర్దుతున్న పెంచల్‌ను నిలదీసింది.

"నేనొకదాన్ని ఉండగా దాని పువ్వెందుకు నీకు? వద్దని చెప్పలేవా?"

"చెప్తే వింటాదా? అరవబాక, అందరూ చూస్తుండారు."

"చూడనీ!"

పెంచల్ తల వంచుకుని వల చిక్కు తీసుకుంటూ కూర్చున్నాడు. ఆమెకు ఆ పూట అన్నం సయించలేదు. గంగాభవాని జడ, నవ్వు, ఆ నిదానపు నడక... ఒక్కొక్కటే గుర్తొస్తుంటే కంచం పక్కకు నెట్టేసింది. తనకంటే చిన్నది కూడానూ!

మర్నాడు తెల్లవారేసరికి గాలి పెరిగింది. అలలు ఒడ్డును కోసేస్తున్నాయి. అయినా పడవలు బయల్దేరుతున్నాయి. మాలకొండమ్మ దిబ్బలన్నీ గాలించి, దొరికిన ఒక్క పువ్వూ పట్టుకుని పరుగున వచ్చింది.

పడవ దగ్గర గంగాభవాని నిలబడి ఉంది. కళ్ళు ఎర్రబడ్డాయి. కాళ్ళనిండా ఇసుక. చేతులు ఖాళీ.

మాలకొండమ్మ ప్రాణం లేచొచ్చింది.

"దొరకలేదా? పక్కకు జరుగు," అంటూ ఆమె ఎదుటే పువ్వు కట్టింది. "ఇంకోసారి ఈ పడవ మీద చెయ్యేశావంటే ఊరుకోను. సిగ్గుండాల!"

గంగాభవాని వంగి పువ్వును చూసింది. వదులుగా ఉన్న ముడిని తన చేత్తోనే బిగించింది.

"ఎవురి పువ్వయితే ఏందిలే అక్కా, ఆయన తిరిగొస్తే నిలబడేది నా తాళే గదా."