రాకేష్‌కు ప్రశంసాపత్రం

"గీ లిస్టుల రాకేష్ సార్ పేరెట్ల వచ్చింది సార్?"

కాగితం టేబుల్ మీద పెట్టి, నిలబడే అడిగింది జోహా. మెదక్‌లో పంద్రాగస్టు జెండా పండుగ నాడు గ్రౌండులో ఇచ్చే ఉత్తమ ఉద్యోగి ప్రశంసాపత్రానికి తమ ఆఫీసు నుంచి ఒక్క పేరే పోవాలి. ఆ ఒక్కటీ రాకేష్‌ది. టైపు చేయమని ఇచ్చింది మాత్రం ఆమెకు. కడుపు మండదా మరి!

సూపరింటెండెంట్ అమరేందర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కూసో అమ్మా."

"కూసోను సార్. పదకొండు గొట్టినంక వస్తడు, బ్యాగు కుర్చీకి తగిలేసి చాయ్‌కి పోతడు. ఆయన ఫైళ్లు గూడ నేనే చేస్తున్న. మొన్న నా బిడ్డ ఏమన్నదో ఎరికేనా? 'అమ్మీ, నువ్వు ఆఫీసుల్నే పండుకోరాదా' అన్నది."

ఏడవకూడదని ఇంటి దగ్గరే ఒట్టు పెట్టుకుని వచ్చింది గానీ, కళ్లు వింటాయా!

"తలుపు జర దగ్గరికెయ్యి," గొంతు తగ్గించాడు అమరేందర్. "నీకు కాయితం గావాల్నా, పొద్దుగూకక ముందు ఇంటికి పోవాల్నా?"

"గదేం మాట సార్?"

"నాలుగేండ్ల సంది ఆయనకు మెమోలిస్తున్న. ఏమైంది? పని చెయ్యడని రాస్తే, గసుంటోడు మాకొద్దంటున్నరు వేరే ఆఫీసులోళ్లందరు. మస్తు పనిమంతుడని రాసినమనుకో, మాకియ్యుండ్రంటే మాకియ్యుండ్రని ఎగబడ్తరు. ఆయన పోతడు, ఆ సీట్లకు పనిచేసేటోళ్లొస్తరు. నువ్వు ఐదింటికి ఇంటికి పోతవ్."

జోహా ఇప్పుడు కూర్చుంది. "మరి నన్నెన్నడు పొగడలేదేంది సార్?"

"నిన్ను పొగిడితే గుంజుకపోరా!"

సంతోషపడాలో, ఏడవాలో తెలియలేదు ఆమెకు. ఒక్క మంచి మాట కోసం ఇన్నాళ్లూ ఎదురుచూసింది. అక్కరకొచ్చే మనిషికి ఆ మాట దొరకదట. వద్దనుకున్న మనిషికే సన్మానమట! లోకం ఇట్లా నడుస్తోందని ఎవరూ చెప్పనేలేదు. అయినా బిడ్డ మొహం గుర్తుకు రాగానే లేచి వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చుంది. సమయపాలనలో ఆదర్శం, విశ్రాంతి ఎరుగని కృషి, చిత్తశుద్ధి... అసలు మనిషిని తలుచుకుంటే నవ్వు ఆగలేదు. రాసినంతసేపూ నవ్వుతూనే ఉంది.

పాచిక పారింది. రాకేష్ ప్రశంసాపత్రం పట్టుకుని దిగిన ఫోటో వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. నెల తిరక్కుండానే వేరే ఆఫీసు వాళ్లు ఏరికోరి అడిగి తీసుకున్నారు. వీడ్కోలు సభలో శాలువా కప్పారు, మిర్చీలు పంచారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది జోహానే.

"ఆ సీట్లకు ఎవరు పడితే వాళ్లు రాకుండ జూసిన," అన్నాడు అమరేందర్ మురిసిపోతూ. "జిల్లాల మంచి పేరున్నోన్ని అడిగి తెప్పిస్తున్న."

ఆ రాత్రి అన్నం తినిపిస్తూ బిడ్డకు మాటిచ్చింది జోహా, సోమవారం నుంచి పొద్దుండగానే ఇంటికి వస్తానని.

సోమవారం పది కాకముందే కొత్తాయన దిగాడు. తెల్లచొక్కా, చేతిలో సంచి, మొహం నిండా నవ్వు.

"నమస్తే మేడం. నా పేరు ఇంద్రకరణ్. రాకేష్ సీట్ల నన్నే ఏసిండ్రు."

"రాండ్రి సార్, రాండ్రి! మీ కోసమే చూస్తున్న." ఇన్నాళ్లూ మోసిన రాకేష్ ఫైళ్లన్నీ ఎత్తి ఆయన టేబుల్ మీద పెట్టింది జోహా. అబ్బ, భుజాలు తేలికైనట్టుంది.

ఇంద్రకరణ్ ఆ ఫైళ్లను మెల్లగా ఆమె వైపే జరిపి, సంచి విప్పి, ఖాళీ అయిన టేబుల్ మీద ఒక్కొక్కటే పరిచాడు: నాలుగు ఉత్తమ ఉద్యోగి ప్రశంసాపత్రాలు, నాలుగు వేర్వేరు ఆఫీసులు ఇచ్చినవి.