మూడో నంబరు ఇంజను

టేకులపల్లిలో టీవీలు బాగుచేసే ఇద్రీస్, రిటైరైన రైలు డ్రైవరు అంతోనయ్య దగ్గరున్న రెండు బొమ్మ ఆవిరి ఇంజన్లలో డీకోడర్లు బిగించాడు. వేలిగోరంత చిప్పులవి. ఇక ఏ ఇంజను నడవాలంటే దాని నంబరు ఫోనులో నొక్కితే చాలు.

"మొదటిది మూడు, రెండోది నాలుగు," అని చెప్పి, "ఒక్కసారి నేను నడుపుతనన్నా," అన్నాడు, ఎప్పటిలాగే.

"ముప్పై ఆరేండ్లు బొగ్గు బండి నడిపిన. ఒక్క యాక్సిడెంట్ లేదు. నువ్వు దూరం జరుగు," అన్నాడు అంతోనయ్య, ఎప్పటిలాగే.

పట్టాల మీద రెండింటినీ ఎదురెదురుగా పెట్టి మూడు నొక్కాడు. రెండూ కూతపెట్టి కదిలాయి. ఆపేలోపే ఢీకొని పట్టాలు తప్పి పడ్డాయి.

అంతోనయ్య రెండింటినీ లేపి మళ్లీ పట్టాల మీద పెట్టాడు. ఫోను ఇద్రీస్ చేతికిచ్చాడు.

"యాక్సిడెంటైతే డ్రైవరు సస్పెండు. ఎంక్వైరీ అయ్యేదాంక నువ్వే నడుపు. ఎంక్వైరీ చేసేది గూడ నువ్వే."

కొత్త డీకోడర్లన్నీ మూడో నంబరుతోనే వస్తాయి. రెండోదాని నంబరు బిగించినవాడే మార్చాలి. ఇద్రీస్ మరిచిపోలేదు, మార్చలేదంతే.

"ఎంక్వైరీ అంటే జల్దీ అయ్యేది కాదన్నా," అంటూ కూత బటన్ నొక్కాడు.