నూలుగుడ్డ మూట

అట్టపెట్టె మూత తీయగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. రోజంతా దుమ్ములో పనిచేసి ముక్కు మూసుకుపోయిన కొట్టతనికి కూడా తెలిసింది.

“ఇదేంటయ్యా?” అన్నాడు, దాచమని ఇచ్చిన పెట్టె తీసుకుపోదామని వచ్చిన కళ్ళజోడు మనిషి. నూలుగుడ్డలో మూటకట్టిన అతని పాత కీబోర్డు పక్కన, పెట్టె మూలలో రెండు తెల్లటి ఉండలు దొర్లుతున్నాయి.

వెనక గుమ్మంలో నిలబడ్డ కొట్టతని తల్లికి ప్రాణం గుటుక్కుమన్నంత పనైంది.

జనం ఇచ్చే పాత కంప్యూటర్లనీ కీబోర్డులనీ భద్రంగా దాచిపెట్టడమే ఆమె కొడుకు బతుకుతెరువు. ఎండ తగిలితే ప్లాస్టిక్ పసుపెక్కుతుంది, బరువు పెడితే వంగుతుంది, వైరు చుట్టి ఉంచితే చార పడుతుందని ఇంటిల్లిపాదికీ పాఠం చెబుతూనే ఉంటాడు. కలరా ఉండల సంగతి మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

“వీటి ఘాటుకి ప్లాస్టిక్ మెత్తబడి గుంటలు పడుతుందని తెలీదూ? మా నాన్న బతికినన్నాళ్ళూ దీనిమీదే టైపు చేశారు. నేను ఊళ్ళో లేకపోయినా, నీ మీద నమ్మకంతో ఇంటినుంచి పంపించమన్నాను. ఉండు, నీ సంగతి అందరికీ చెప్తాను. రేపటికల్లా ఎవరి పెట్టెలు వాళ్ళు పట్టుకుపోకపోతే అడుగు!”

తల్లి మనసులో అప్పుడే కొట్టుకి తాళం పడింది. కొడుకు మంచం పట్టాడు. కోడలు మనవణ్ణి చంకనేసుకుని పుట్టింటికి పోయింది.

కొడుకు గిర్రున, తల్లి పక్కనే నిలబడ్డ భార్య వైపు తిరిగాడు. “నువ్వేనా?”

“నాకేం పని? పెట్టెల జోలికొస్తే చెయ్యి విరుస్తానన్నారుగా!”

తల్లి వేళ్ళు నలుపుకుంది. రెండడుగులు లోపలికి వేసింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. నోరు మూసుకుంటే గండం గడిచిపోయేదే. కానీ కోడలి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

“నేనే వేశాన్రా,” అనేసింది. “పెట్టె మీద బొద్దింక పాకుతుంటే చూశాను. అది లోపల దూరి, గుడ్లు పెట్టి, వైర్లు కొరికి, నీకు కరెంటు కొట్టి...”

“అమ్మా!”

“మూట ముట్టుకోలేదు బాబూ. ఓ మూలకి రెండే పడేశాను. అయినా ఆ పీటముడి నా వేళ్ళకి లొంగేదేనా?”

కళ్ళజోడు మనిషి ఆమెను ఎగాదిగా చూశాడు. “ఏమ్మా, బీరువాలో బట్టలనుకున్నావా? ఇంత వయసొచ్చింది, బుర్రున్నవాళ్ళెవరైనా చేసే పనేనా ఇది?”

ఆమె తల దించుకుంది.

ఆ మనిషి విసురుగా మూట అందుకున్నాడు. పీటముడి పళ్ళతో లాగితే గానీ ఊడలేదు. గుడ్డ తొలగించాడు. కీబోర్డు ఒంటినిండా సగం అరిగిన ఉండలు కరుచుకుని ఉన్నాయి. ఒకదాన్ని గోటితో గిల్లితే, కింద నున్నటి గుంట.

“మూట మేం విప్పలేదండీ,” అన్నాడు కొడుకు మెల్లగా.

కళ్ళజోడు మనిషి ఆ గుడ్డనే చూస్తూ ఇంటికి ఫోన్ చేశాడు. “అమ్మా... నాన్న కీబోర్డు మూట కట్టింది నువ్వేగా? లోపల ఏమైనా వేశావా?”

అవతలి గొంతులోని కంగారు కొట్టంతా వినిపించింది.

“మీ నాన్నది కదరా, పురుగు ముట్టకూడదని గుప్పెడు వేశాను. ఏం, చాలలేదా?”