తొర్రలో ఎర్రది

పురుటి గుడిసెలో ఉన్న పెళ్లాం ముఖం మొగుడు చూడకూడదు. అందుకే వాగి తిండి గడప దగ్గర పెట్టి, అటు తిరిగి పిలిచాడు.

"రాకా! ఇవాళ ఒట్టి సాగో చెట్టు పిండి రొట్టె కాదే, మాంసం!"

"దేనిదయ్యా?"

"ఎదుటి చెట్టు మీది పచ్చ చిలకది. పండగ ఆటకి తల్లో ఈకలుండొద్దూ? ఆ ఎర్రదైతే తొర్ర దాటి రాదు, మొండిముండ!"

రాకా ఎదుటి చెట్టు తొర్ర వైపు చూసింది. ఎర్రది ఆ పచ్చ చిలక పెళ్లామే, గుడ్ల మీద ఉంది. పచ్చ మగడు తెచ్చి నోట్లో పెడితేనే దానికి తిండి.

వాగి వెళ్లిపోయాడు. తొర్రలోంచి ఎర్ర తల బయటికొచ్చి పిలిచింది. గుడిసె దాటకూడని రాకా చెవులు మూసుకుంది.

ఉన్నట్టుండి గడపలోకి పాకి అరిచింది. "వాగీ! రేపు కూడా నువ్వే రావాలి, వింటున్నావా?"

బదులు తొర్రలోంచే వచ్చింది.