తొంభై ఒకటో రోజు

హైమ మంచితనాన్ని నేను నమ్మాను. అదీ నా తెలివి.

రోడ్లు గోదాట్లో కలిసిపోయాక మా ఊళ్ళో ప్రతి డాబా మీదా ఒక హెలికాప్టర్ వచ్చింది. ఒక్కో రకానికి ఒక్కో లైసెన్సు. పాతదానికి పరీక్ష పాసయ్యాను. దాన్ని అమ్మేసి మా మరిది కొత్తరకం కొంటే దానికీ మళ్ళీ పాసయ్యాను. కొత్తదాన్ని డాబా మీద దించడం మరిది పెళ్ళాం హైమకి నేర్పింది కూడా నేనే.

తనకి లైసెన్సు వచ్చిన రోజు నుంచీ నాకు ఒకటే మర్యాద. "మీరు కూర్చోండక్కా, పాలు నేను తెస్తాను." కూరలకి తనే, మావయ్యగారి మందులకి తనే. తోటికోడలంటే ఇలా ఉండాలని వీధంతా చెప్పుకున్నాను.

ఇవాళ పొద్దున పులుసులో ఉప్పు దగ్గర మొదలై హైమకీ నాకూ మాటా మాటా పెరిగింది. "ఈ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టను, నర్సాపురం మా అమ్మ దగ్గరికి పోతున్నా" అని సంచి సర్దుకుని డాబా ఎక్కాను. మీట నొక్కితే ఇంజను పలకలేదు. తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయి: తొంభై రోజుల్లో మూడుసార్లయినా నడపనందున మీ లైసెన్సు చెల్లదు, మళ్ళీ పరీక్షకు రండి.

హైమ కొంగుకి చేతులు తుడుచుకుంటూ మెట్లెక్కి వచ్చింది.

"నిన్నటితో తొంభై అయ్యాయక్కా" అంది. "పదండి, మీ అమ్మగారింటి దగ్గర నేను దింపుతాను."

చుట్టూ నీళ్ళు. ముందు సీటు తలుపు తీశాను.

"వెనక కూర్చోండక్కా" అంది మెత్తగా. "ముందు సీటు లైసెన్సున్నవాళ్ళకేనని మీరేగా నేర్పారు."