గులాబీ చీర

"నీ మొగుడు తెచ్చిన స్టోరేజీ డబ్బా సల్లగుండ!" రోజారాణక్క మౌస్ తోసేసింది. "మన కంప్యూటర్ల డేటా, వర్చువల్ మెషీన్లన్నీ దాని మీదనేనాయె. ఒక్క రిపోర్టు తెరవనీకి గంట పడ్తాంది. పెద్దసారు గాయన్ని లోపటికి పిలిచిండు."

మాకు పెళ్లై నెలే. తుర్కపల్లి ల్యాబ్‌లో కంప్యూటర్లు చూసుకునే శ్రవణ్ ఎదురుపడితేనే నాకు పండగ. ఇప్పుడు అద్దాల గదిలో తల వంచుకుని నిలబడ్డాడు.

బయటికొచ్చాక పక్కకు పిలిచి అడిగాను. "గంత స్లో డబ్బా ఎట్ల తెమ్మన్నవ్?"

"డబ్బాలు అమ్మేటోళ్లు ఫోన్ల రెండు పేర్లు సదివిండ్రు. ఏదో ఒకటి కానియ్యమన్న."

"సూడకుండనే?"

"గా ఫోనొచ్చినప్పుడు చీరల దుకాణంల నువ్వే కదా, జల్దీ ఫోన్ పెట్టు, గులాబీదా నీలందా చెప్పు అంటివి." నవ్వబోయాడు. "సారుకు గా సంగతి చెప్పలే. రేపట్నుంచి రావద్దన్నడు."

సీటుకొచ్చి కూర్చున్నాను.

రోజారాణక్క నా కొంగు పట్టుకుంది. "డబ్బా సంగతేమో గని, గీ గులాబీ చీర మాత్రం మస్తు సూసి తెచ్చిండే!"